కష్టజీవికి టెన్షన్ రాదన్నది అబద్ధం

మా శ్రీకాకుళం జిల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: టెన్షన్ ఏసీ గదుల్లో కూర్చునే పెద్ద ఉద్యోగుల జబ్బు, ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకి రాదు. అదంతా మనసు భ్రమ, ఒంటికి ఏమీ చెయ్యదు. మన తాతలకి ఉందా? బీపీ మాత్రలు మానేసి ప్రాణాయామం చేస్తే చాలు.

మా పిన్నికి ఇది నాలుగు గ్రూపుల్లోంచి వచ్చింది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ "భ్రమ" సంగతి. పిన్నిది ఎచ్చెర్ల వైపు సముద్రం ఒడ్డు ఊరు. బాబాయి ఆగస్టులో గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి బోటెక్కితే మళ్ళీ వేసవికే రాక. 2018 నవంబరులో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు అక్కడి నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్‌కి చిక్కారు. వాళ్ళు తిరిగొచ్చింది 2020 జనవరిలో. అప్పటి నుంచి తెలియని నంబరు మోగితే చాలు, పిన్ని చేతిలో చేపని అలాగే వదిలేస్తుంది. ఒకసారి నేను పక్కనే ఉన్నాను. చేసింది బ్యాంకువాళ్ళు. ఫోను పెట్టేశాక కూడా ఆవిడ మెడ మీద నరం ఎగిరెగిరి కొట్టుకుంటోంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటగా ఉంది. "ఏటోనమ్మా, ఒళ్ళు నా మాట వినదు" అంది.

ఆ మాట అక్షరాలా నిజం. ప్రమాదం అనిపించగానే మెదడు నరాల ద్వారా మూత్రపిండాల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథులకి కబురు పంపుతుంది. ఎడ్రినలిన్ విడుదలై గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, చేతులు చల్లబడేది అందుకే. కాసేపటికి కార్టిజాల్ తోడై రక్తంలో చక్కెర పెంచుతుంది. కుక్క వెంటపడితే పరిగెత్తడానికి ఇదంతా కావాలి. కుక్క వెళ్ళిపోయాక చల్లారాలి కూడా. ఏడాదిలో ఎనిమిది నెలలు ఫోను వంక చూస్తూ బతికే మనిషికి ఆ చల్లారడమే సరిగ్గా జరగదు. అలా ఏళ్ళు గడిస్తే నిద్ర చెడుతుంది, బీపీ, షుగరు, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది.

గాయాలు మానడం కూడా ఆలస్యమవుతుంది. 1995లో అమెరికాలోని ఒహాయోలో, మతిమరుపు జబ్బుతో ఉన్న ఇంటివాళ్ళకి సేవ చేస్తున్న 13 మంది ఆడవాళ్ళకి చర్మం మీద చిన్న గాటు పెట్టి చూశారు. ఆ బరువు లేని ఆడవాళ్ళకంటే వాళ్ళకి మానడానికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. భ్రమకి పుండు మానకుండా ఆపే శక్తి ఉంటుందా?

పెద్ద ఉద్యోగుల జబ్బు అన్నమాట తలకిందులు. లండన్‌లో 1967 నుంచి వేలమంది ప్రభుత్వ ఉద్యోగులను పరిశీలిస్తే, గుండెజబ్బు చావులు పై అధికారుల్లో కంటే అట్టడుగు ఉద్యోగుల్లోనే దాదాపు మూడు రెట్లు కనిపించాయి. సిగరెట్లు, బీపీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. అంత దూరం ఎందుకు, మన ఉద్దానమే ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి తోటల్ని పడగొట్టింది. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. అప్పు మీద వడ్డీ అన్నేళ్ళు ఆగదు. పనిచేస్తే ఒళ్ళు అలిసి నిద్ర పడుతుంది, ఒప్పుకుంటాను. కానీ రాత్రి రెండింటికి మెలకువ తెచ్చేది అలసట కాదు, ఆ వడ్డీ.

తాతల కాలంలో ఊళ్ళో బీపీ కొలిచేవాళ్ళే లేరు. కొలవకపోతే లేనట్టేనా?

అలాగని ప్రతి జబ్బునీ టెన్షన్ మీదకి నెట్టకూడదు. కడుపులో పుండుకి టెన్షనే కారణమని చాలాకాలం అనుకున్నారు. చాలావాటికి ఒక బాక్టీరియా కారణమని తేల్చినందుకు మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు.

ఇక మాత్రలు. ఈ మెసేజ్‌లో ప్రాణం తీసే మాట ఇదే. నెమ్మదిగా ఊపిరి తీసి వదిలితే గుండె దడ తగ్గుతుంది, తప్పకుండా చెయ్యండి. అది మాత్రకి తోడే గానీ బదులు కాదు. మనసు మరీ బరువైతే 14416 టెలీ మానస్‌కి ఫోను చెయ్యండి, డబ్బు కట్టక్కర్లేదు. పిన్ని ఈ మెసేజ్ నమ్మి మూడు వారాలు మాత్ర వేసుకోలేదు. ఏఎన్‌ఎం వచ్చి కొలిస్తే పై అంకె 180 దాటింది. నమ్మలేక రెండో చేతికి కట్టి మళ్ళీ కొలిచింది. ఇప్పుడు పిన్ని మాత్రల అట్టని ఫోను పక్కనే పెట్టుకుంటోంది.

మీ గ్రూపులో ఆ మెసేజ్ ఉంటే, పెట్టినవాళ్ళకి ఫోను చేసి తీయించండి.