పరిహారం పంచినంత మాత్రాన ఊరు తిరిగి నిలబడదు

తుఫానో వరదో వచ్చి వెళ్ళిన ప్రతిసారీ వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది. “విపత్తు సంస్థలు, ప్రణాళికలు, సమన్వయ కమిటీలు అన్నీ దండగ. ఆ డబ్బేదో నష్టపోయినవాళ్ళ ఖాతాల్లో వేసేస్తే జనమే కట్టుకుంటారు. ప్రకృతిని ఏ ప్లానూ ఆపలేదు. కేంద్రం ఇచ్చేదాకా రాష్ట్రం చేసేదీ ఏమీ ఉండదు” అన్నది దాని సారాంశం. దాన్ని పంపేవాళ్ళలో చాలామంది ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగినవాళ్ళే. ఆ కోపం న్యాయమైనదే. అందులోని మాటలు మాత్రం ఒక్కొక్కటిగా చూస్తే నిలబడవు.

“జనమే కట్టుకుంటారు” అన్నదాంట్లో సగం నిజముంది. 2001 జనవరి 26 భూకంపంలో గుజరాత్‌లో దాదాపు 13,800 మంది చనిపోయారు. కచ్ ప్రాంతం నేలమట్టమైంది. రెండు వారాలు తిరక్కముందే ఆ రాష్ట్రం విపత్తు నిర్వహణ సంస్థను ఏర్పాటు చేసింది. ఆ తర్వాత అక్కడ ఇళ్ళను చాలావరకు యజమానులే కట్టుకున్నారు. కానీ సొమ్ము మొత్తం ఒకేసారి చేతిలో పెట్టలేదు, వాయిదాల్లో ఇచ్చారు. కట్టడం భూకంపాన్ని తట్టుకునేలా ఉందని ఇంజనీరు చూసి ఒప్పుకుంటేనే తర్వాతి వాయిదా వచ్చేది. వేలమంది తాపీ మేస్త్రీలకు శిక్షణ ఇచ్చారు. రెండు లక్షలకు పైగా ఇళ్ళు అలా లేచాయి. భుజ్ పాత పట్టణంలో మళ్ళీ అవే ఇరుకు సందులు రాకుండా ప్లాను గీసి, రోడ్లు వెడల్పు చేశారు. దానివల్ల ఆలస్యమైంది, స్థలం పోయినవాళ్ళు బాధపడ్డారు, అదీ నిజమే. అయినా డబ్బు మాత్రమే ఇచ్చి వదిలేసి ఉంటే కూలిన తీరులోనే మళ్ళీ గోడలు లేచేవి.

ఇంతకీ డబ్బు ఎవరి ఖాతాలో వేయాలి? కృష్ణా, గోదావరి డెల్టాల్లో చాలాచోట్ల వరి వేసేది కౌలు రైతు. పాసుపుస్తకం ఉండేది భూయజమాని పేరున. పాసుపుస్తకం చూసి నష్టం జాబితా రాస్తే అప్పు చేసి నాటు వేసినవాడి పేరే అందులో ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలు రైతుకు సాగుదారు హక్కు పత్రం ఇస్తారు, కానీ దానికి యజమాని ఒప్పుకోవాలి. ఈ చిక్కు నీళ్ళు పొలంలో నిలిచిన రోజున తేలేది కాదు. ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసుకునే ఈ-పంట నమోదు నాడే తేలాలి. నాకు ఈ మెసేజ్‌లో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. “నేరుగా ఖాతాల్లోకి” అన్న మాట వినడానికి బాగుంటుంది, నిజంగా మునిగినవాడిని మాత్రం పక్కకు నెట్టేస్తుంది.

“సమన్వయం అంటే మీటింగులే” అంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక విశాఖలో ఉన్నవాళ్ళను అడగండి. రోడ్డుకు అడ్డం పడ్డ చెట్టు తీస్తేగానీ కరెంటు స్తంభం నిలబెట్టలేరు. కరెంటు వస్తేగానీ మంచినీళ్ళ పంపు తిరగదు. సెల్ టవరుకు డీజిల్ చేరితేగానీ ఫోను మోగదు, ఫోను మోగితేగానీ ఏ వార్డులో ఏం కావాలో పైవాళ్ళకు తెలియదు. చెట్టు ఒక శాఖది, స్తంభం ఇంకో శాఖది, పంపు మరొకరిది. ముందు ఏ రోడ్డు, ఏ కరెంటు లైను అన్నది అందరూ ఒకచోట కూర్చుని తేల్చుకోవాలి. తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో నగరంలో కొంత భాగానికి భూగర్భ కేబుళ్ళు వేశారు. ఖాతాలో పడ్డ పదివేలతో ఏ ఇల్లూ తన వీధికి భూగర్భ కేబులు వేయించుకోలేదు కదా.

2004 సునామీ తర్వాత నాగపట్నానికి దేశమంతటి నుంచీ సాయం పోటెత్తింది. ఎవరికీ అక్కర్లేని పాత బట్టలు కుప్పలుగా పడ్డాయి. ఏ ఊళ్ళో ఎవరు పనిచేస్తున్నారో, ఏ ఊరికి ఎవరూ వెళ్ళలేదో చూడటానికి స్వచ్ఛంద సంస్థలు జిల్లా యంత్రాంగంతో కలిసి సమన్వయ కేంద్రం పెట్టుకోవాల్సి వచ్చింది.

ప్రకృతిని ఆపలేమన్న మాటకు ఒడిశా చాలు. 1999 సూపర్ సైక్లోన్‌లో అక్కడ దాదాపు పదివేల మంది పోయారు. ఆ ఏడాదే ప్రత్యేక సంస్థ పెట్టుకున్నారు, షెల్టర్లు కట్టారు. 2013లో ఫైలిన్ తుఫాను వచ్చేసరికి దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. మృతుల సంఖ్య పదుల్లో ఆగింది. గాలిని ఎవరూ ఆపలేదు. దివిసీమలో 1977 నవంబరు 19న ఆత్మీయులను ఉప్పెనకు పోగొట్టుకున్న కుటుంబాలకు ఈ తేడా ఏమిటో చెప్పనక్కర్లేదు.

ఇక కేంద్రం సంగతి. రాష్ట్రాల విపత్తు నిధుల్లో 80 శాతాన్ని స్పందనకు, 20 శాతాన్ని ముప్పు తగ్గించే పనులకు కేంద్ర, రాష్ట్రాల మధ్య నిధుల పంపకాన్ని సూచించే 15వ ఆర్థిక సంఘం విడదీసింది. ఆ 80లో 40 తక్షణ సాయానికి, 30 పునరుద్ధరణ, పునర్నిర్మాణాలకు, 10 సన్నద్ధతకు. అంటే తిరిగి కట్టుకోవడానికంటూ విడిగా ఒక పద్దు ఉంది. ఆ పద్దు మొత్తం నష్టాన్ని పూడ్చదు, ఢిల్లీ నుంచి రావాల్సింది గట్టిగా అడగాల్సిందే. కానీ నష్టం లెక్క, పనుల వరుస చేతిలో లేకుండా వెళ్ళి ఏం అడుగుతాం?

కాగితం మీదే మిగిలిపోయిన ప్రణాళికలు ఉన్నాయి, ఆ తప్పు అధికారులదే. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ప్రణాళిక ఉండాలి, దాన్ని ఎప్పటికప్పుడు సరిచూడాలి. జిల్లా సంస్థకు అధ్యక్షుడు కలెక్టరే. ఆ మెసేజ్ పంపిన మిత్రులారా, ఈసారి మీ కలెక్టరేట్‌కు వెళ్ళి ఆ ప్రణాళిక చూపమని అడగండి. కిందటిసారి ఎప్పుడు సరిచూశారో, కౌలు రైతును, అద్దె ఇంటివాళ్ళను ఎలా లెక్కిస్తారో అందులో వెతకండి. లేకపోతే రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి.