ఆయుష్షు మీద డిస్కౌంట్ అట, చూశారా?

ఇప్పుడే బెజవాడ సూర్యారావుపేటలో ఓ ల్యాబ్ ముందు ఫ్లెక్సీ చూశాను. ఒళ్లు మండిపోతోంది. ‘విటమిన్ డి తగ్గితే ఆయుష్షు తగ్గినట్టే! 60 దాటినవారికి సగం ధరకే పరీక్ష’ అట. పక్కన చేతికర్రతో ఓ తాతగారి ఫొటో. యముడి బొమ్మ ఒక్కటే తక్కువ.

పచ్చి అబద్ధమైతే తిట్టి ఊరుకోవచ్చు. కాదు, అదే వీళ్ల తెలివి. డి బాగా తగ్గిన పెద్దవాళ్లలో మరణాలు ఎక్కువన్నది చాలా అధ్యయనాల్లో కనబడిందే. కానీ ఎవరికి తగ్గుతుంది? మంచాన పడ్డవాళ్లకి, గుండె జబ్బుతోనో కిడ్నీ జబ్బుతోనో గడప దాటనివాళ్లకి. జబ్బు ముందొచ్చింది, ఎండ దూరమైంది, ఆ తర్వాత అంకె పడింది. చెరువెండి కొంగలు పోతే, కొంగలు పోబట్టే చెరువెండిందన్నట్టుంది వీళ్ల వరస.

కొంగల్ని కొనితెచ్చి వదిలి కూడా చూశారండీ, ఆస్ట్రేలియాలో. 60 దాటిన 21 వేల పైచిలుకు మందిలో సగం మందికి నెలనెలా 60,000 యూనిట్లు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర, ఐదేళ్లపాటు. 2022లో లెక్క తేలింది: మరణాలు తగ్గలేదు. ‘వాళ్లలో చాలామందికి లోపమే లేదుగా’ అంటారు. అయ్యా, నేనంటున్నదీ అదే. లోపం లేనివాళ్లకి పోసి ఏం లాభం?

అమెరికా ఎండోక్రైన్ సొసైటీ (హార్మోన్ల డాక్టర్ల సంఘం) 2024లో చెప్పింది ఇంకా తమాషా. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఊరికే ఈ పరీక్ష చేయించొద్దు. 75 దాటినవాళ్లకైతే మరణాల ముప్పు కాస్త తగ్గే అవకాశం ఉంది కాబట్టి, పరీక్షతో పనిలేకుండా రోజూ చిన్న మోతాదు ఇవ్వొచ్చు. అంటే లాభపడే ముసలాళ్లకు పరీక్షే అక్కర్లేదు. ఇది రాయండి ఫ్లెక్సీ మీద!

‘బెజవాడ ఎండల్లో డి లోపమేంటి’ అని నవ్వేవాళ్లకో మాట. పొద్దున ఆరింటికి నడిచొచ్చే ఎండలో డి పుట్టదు. నీడ మీకంటే పొడుగున్నంతసేపూ పెద్దగా లాభం లేదు. కిటికీ అద్దంలోంచి పడే ఎండ అసలే దండగ. 70 దాటిన చర్మం ఎండలో కూర్చున్నా కుర్రాళ్లంత తయారుచేయదు. అలాగని మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీద కూర్చోబెడితే డి కంటే ముందు వడదెబ్బ వస్తుంది.

సరే, పరీక్షలో 14 వచ్చింది, అంటే తక్కువే. తర్వాత? 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు ఎనిమిది. వారానికొకటి, అన్నం తిన్నాక, పాలల్లో. మందుల షాపులో ఎనిమిదీ ఓ కాగితం కవర్లో పడేసి, పైన పెన్నుతో ఒక్క గీత గీసి ఇస్తారు. ఆ గీతంటే రోజుకొకటా, వారానికొకటా? మామ్మగారికి బీపీ బిళ్ల రోజూ వేసుకునే అలవాటు కదా, ఇదీ రోజూ కలుపుకుని తాగేస్తుంది. ఎనిమిది వారాల మందు ఎనిమిది రోజుల్లో ఖాళీ. ‘నీరసం తగ్గలేదు’ అంటే చీటీ లేకుండానే మళ్లీ ఎనిమిది. పైన రోజూ కాల్షియం బిళ్ల, బీపీకి థయజైడ్ రకం మాత్ర, అదేమో కాల్షియాన్ని మూత్రంలో పోనివ్వదు. ఇక రక్తంలో కాల్షియం పెరగక ఏం చేస్తుంది?

దాహం, మలబద్ధకం, వాంతులు, మతి తడబడటం, చివరికి కిడ్నీ. ఇంట్లోవాళ్లేమంటారు? ‘వయసైపోయింది కదా, చాదస్తం.’ రక్తంలో కాల్షియం ఒక్కటి చూస్తే తెలిసేది. అది ఎవడూ చూడడు, ప్యాకేజీలో నెల తిరక్కుండా డి మాత్రం మళ్లీ చూస్తారు. మూడు నెలలైనా ఆగకుండా చూస్తే ఆ అంకెకు అర్థమే లేదు.

ఒక్క సూదితో 6 లక్షల యూనిట్లు పొడిచేవాళ్ల సంగతి సరేసరి. 70 దాటిన ఆడవాళ్లకు ఏడాదికోసారి 5 లక్షలిచ్చి చూస్తే పడిపోవడాలూ, ఎముకలు విరగడాలూ పెరిగాయని 2010లోనే తేలింది. ఎముకల కోసమని ఇచ్చిన మందండీ అది!

నిలువెత్తు ఫ్లెక్సీకి మూరెడేసి తెలుగు అక్షరాలు దొరికాయి. మందు కవరు మీద ‘ఆదివారం మాత్రమే’ అని రాయడానికి మాత్రం పెన్నులో ఇంకుండదు.