గీసుకున్నవాడు, మోసుకెళ్ళినవాడు

(కడప ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయం. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, ఆయన దగ్గర చదువుకుని డ్రాయింగ్ టీచరైన అమ్మాయి. 1802లో పారిస్ లూవ్ర్ మ్యూజియానికి డైరెక్టరైన చిత్రకారుడు వివాన్ దెనోన్ మీదికి మాట మళ్ళింది.)

మాస్టారు: ఇటలీ చిత్రకారుడు రాఫేల్ చిత్రాలను ఒకే గోడకు పేర్చి, ఆ చేయి ఎలా పండిందో జనానికి చూపించినవాడమ్మా అతను.

టీచరు: ఆ గోడకు చిత్రాలు ఎక్కడివి మాస్టారూ? నెపోలియన్ సైన్యం గెలిచిన ఊళ్ళవి. 1806లో జర్మనీలో సైన్యం వెంట తిరిగి, ఏవి పట్టుకుపోవాలో ఏరింది ఈయనే.

మాస్టారు: 1811లో ఇటలీకి వెళ్ళి, రాఫేల్ కంటే ముందుతరాల చిత్రకారులు చిమబూయె, జోత్తోల చిత్రాలు ఏరిందీ ఆయనే. అప్పట్లో చాలామందికి అవి మొరటు బొమ్మలు. 1815లో నెపోలియన్ ఓడాక ఎవరి సొత్తు వారు తీసుకెళ్ళారు, వాటిని మాత్రం వదిలేశారు. విలువ తెలిసినవాడి చేతిలో పడటం తప్పా?

టీచరు: దానికి నా దగ్గర జవాబు లేదు.

మాస్టారు: మరి మన బ్రౌన్ సేకరించిన తాళపత్రాలు మద్రాసు చేరలేదా? చూడాలంటే చెన్నై రైలెక్కాలి.

టీచరు: బ్రౌన్‌ను ఈయన పక్కన నిలబెట్టకండి! సొంత డబ్బుతో పండితులను పోషించి, నాలుగు ప్రతులు పక్కపక్కన పెట్టి, తప్పులు దిద్దించి కొత్త ప్రతి రాయించినవాడు.

మాస్టారు: కుంపిణీ దొర ఇంటికొచ్చి అడిగితే ఇవ్వననే ధైర్యం ఎవరికుంటుందమ్మా?

టీచరు: ఆ భయం ఉండే ఉంటుంది, కాదనను. అయినా రాయించుకోవడం వేరు, ఎత్తుకుపోవడం వేరు. ఈ తేడా దెనోన్‌కు తెలియనిది కాదు, అదే నా బాధ. ఈజిప్టులో ఆయన చేసిన పని చూడండి. 1799 జనవరిలో పాత నగరం థీబ్స్ శిథిలాలు కనపడగానే, ఆయన వెంట వెళ్ళిన ఫ్రెంచి సైన్యం నడక ఆపి చప్పట్లు కొట్టింది. ఆయన అక్కడే బొమ్మ గీయడానికి కూర్చుంటే సిపాయిలు తమ మోకాళ్ళను బల్లగా ఇచ్చారు, ఎండకు అడ్డంగా నిలబడి నీడ పట్టారు. ఒక్కోసారి గుర్రం దిగకుండానే గీశాడు. యాభై దాటిన మనిషి! నేను పిల్లలకు బొమ్మ నేర్పేటప్పుడు ఆ మోకాళ్ళ సంగతే చెబుతాను. ఆ స్తంభాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, బొమ్మలు 1802లో పుస్తకంగా లోకమంతా చూసింది. అదే ఏడు డైరెక్టరయ్యాడు. తరువాత ఆ మనిషే బండ్ల కొద్దీ చిత్రాలు దింపించాడు. 1815లో వాటి సొంతదారులు వచ్చి గోడలు ఖాళీ చేస్తుంటే అడ్డుపడి, ఆపలేక రాజీనామా చేశాడు. ఆ పుస్తకంలో బొమ్మలు వెనక్కి ఇమ్మని ఎవరైనా వచ్చారా మాస్టారూ?

మాస్టారు: రాలేదు. జోత్తో బొమ్మ కోసమూ రాలేదు. దానికి నువ్వింకా జవాబు చెప్పలేదు.