మూడు సీట్ల సోఫా గారికి

మహారాజశ్రీ సోఫా గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఉభయులంటే మీరూ, టీపాయ్ మీది క్వార్టర్ సీసానూ. మీ ఇద్దరి మధ్య ఇరుక్కున్నవాడి కుశలం గురించే ఈ ఉత్తరం.

సీసా కాస్త నిజాయతీ గలది. 'మద్యపానం ఆరోగ్యానికి హానికరం' అని ఒంటి మీదే రాయించుకు తిరుగుతుంది. మీ ఒంటి మీద ఏముంది? పూల కవరు.

180 మిల్లీలీటర్లలో 42.8 శాతం ఆల్కహాల్ అంటే దాదాపు 61 గ్రాములు. లివర్ గంటకు ఏ 7 నుంచి 10 గ్రాములో వదిలిస్తుంది. రాత్రి పదింటికి సీసా ఖాళీ అయితే, పాలప్యాకెట్ వచ్చే వేళకీ దాని డ్యూటీ దిగకపోవచ్చు. నిమ్మరసం, చన్నీళ్ల స్నానం దాన్ని తొందరపెట్టలేవు. పొద్దున్నే బండి తీసేవాడికి ఈ లెక్క తెలియాలి: 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే కేసే.

ఆ డ్యూటీలో ఉన్నంతసేపూ లివర్ కొవ్వు కరిగించే పని పక్కన పెడుతుంది. చికెన్ పకోడీ తాలూకు నూనె అక్కడే మకాం వేస్తుంది. మీ చేతివాటం ఇక్కడే. తొడలూ పిక్కలూ కదిలితే రక్తంలోని చక్కెరనీ కొవ్వునీ లాగేసుకుంటాయి. వాటికి మీరు సెలవిచ్చేశారు. సీసా వచ్చేది శనివారమే, మీరు మాత్రం రోజూ నాలుగు గంటలు. 'నేను చుక్క ముట్టను' అని మీ మీద కూర్చునే గొప్పలు పోయేవాడికీ ఫ్యాటీ లివర్ రావడంలో ఆశ్చర్యమేముంది? తిలా పాపం తలా పిడికెడు. మీ పిడికెడు మాత్రం ఎవరి కంటా పడదు.

అన్నిటికన్నా ఘోరం, తాగినవాణ్ణి వెల్లకిలా నిద్రపుచ్చడం. వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మీరు ఇరుకు, నేల మీద చాపే నయం. పక్కకు తిప్పి, పైకాలి మోకాలు మడిచి, తల కాస్త వెనక్కి వంచాలి. గిల్లినా లేవకపోయినా, నిమిషానికి ఎనిమిది కన్నా తక్కువ సార్లు ఊపిరి తీస్తున్నా 'దిగిపోతుందిలే' అనుకోకుండా 108కి ఫోన్ చేయాలి.

మా కోరిక చిన్నదే. వారానికి 150 నిమిషాల వేగపు నడక, మధ్యలో అరగంటకోసారి లేచి నిలబడడం. నడిస్తే మందు దిగదు, ఆ పూచీ మాది కాదు.

ఇట్లు,
దీర్ఘకాలిక సెలవులో ఉన్న
కుడికాలి పిక్క