కొక్కెం కేవలం అరటిగెల కోసమే

మా అమ్మాయికి డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా పద్దెనిమిది రోజులుంది. తొలి కాన్పు కాబట్టి పురుడు పుట్టింట్లోనే, అంటే అంబాజీపేట దగ్గర కాలవగట్టు పక్కనున్న మా ఇంట్లోనే. ఇది రాసే సమయానికి పుట్టబోయే బిడ్డ కోసం మేం ఒక్క వస్తువు కూడా కొనలేదని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను.

కొనకూడదు. బిడ్డ భూమ్మీద పడకముందే ఉయ్యాలలూ చొక్కాలూ కొంటే దిష్టి. ఇది మా అమ్మ శాసనం. ఆవిడకి ఎనభై రెండేళ్ళు, సవరణలు ఒప్పుకోదు. అయితే లొసుగు లేని శాసనం ఉండదు కదా, దీనికున్న లొసుగుని కనిపెట్టింది కూడా మా అమ్మే. వస్తువు కొనుక్కోవచ్చు, బిడ్డ కోసమని మాత్రం ఎవరూ అనకూడదు. దానికి వేరే ఉద్యోగం చూపించాలి.

దాంతో నెల రోజులుగా మా గుమ్మం దాటి లోపలికొచ్చిన ప్రతి వస్తువూ మారుపేరుతోనే వచ్చింది. గొడుగులా తెరుచుకునే చిట్టి దోమతెర వడియాల మీద ఈగలు వాలకుండా కొన్నదట. వానాకాలంలో వడియాలేంటని ఎవరూ అడగలేదు. నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు పులస కడగడానికి. గోదారి ఎర్రబడి పులసలు ఎదురీదే రోజులే గనక వాదన బలంగానే ఉంది గానీ, ఆ ధరకి పులస కొనాలంటే ముందు కొబ్బరితోట అమ్మాలి. కనక టబ్బు ఖాళీగానే ఉంది. రబ్బరు షీటు మాత్రం నా మంచం మీదకని చెప్పారు. ఇది నా పరువుకి సంబంధించిన విషయమని అభ్యంతరం తెలిపాను. ఎవరూ పట్టించుకోలేదు.

కొక్కెం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పాత మండువా ఇంట్లో దూలానికి ఉయ్యాల కొక్కెం ఉండేది. నేనూ నా తోబుట్టువులూ దానికి కట్టిన అమ్మ నేతచీరలోనే ఊగాం. అది పడగొట్టి డాబా కట్టినప్పుడు నేను రెండు ఫ్యాన్లకీ, ఎప్పటికైనా కొనబోయే మూడో ఫ్యానుకీ కొక్కేలు పెట్టించాను గానీ ఉయ్యాల మాటే మర్చిపోయాను. అందుకని తాపీ మేస్త్రిని పిలిపించాం. అతను స్టూలెక్కి, శ్లాబుని వేళ్ళతో తట్టి, తల పక్కకి వాల్చి విన్నాడు.

"ఎంత బరువు ఆపాలండీ?"

అప్పుడే పుట్టిన బిడ్డ మూడు కేజీలు, అటూ ఇటూగా. ఆ మాట పైకి అనడానికి లేదు.

"గెల కోసం" అంది మా అమ్మ.

"ఏం గెలండీ?"

"చక్రకేళి."

మేస్త్రి మా అమ్మాయికేసి చూశాడు, శ్లాబుకేసి చూశాడు. "ఆయ్, అర్థమైందండి" అని డ్రిల్లు అందుకున్నాడు.

బిగించాక పరీక్ష చేయాలి కదా. ధాన్యం బస్తా, నిఖార్సుగా 75 కేజీలది, పగ్గం వేసి వేలాడదీశారు. చూడ్డానికి పక్కింటివాళ్ళు కూడా వచ్చారు. బస్తా పావుగంట ఊగింది, శ్లాబు చెక్కు చెదర్లేదు. ఆ ఊపులో మా అమ్మ మైమరచి బస్తాని రెండుసార్లు మెల్లగా ఊపి "ళుళుళు హాయీ" అని మొదలుపెట్టి, అందరం చూస్తున్నామని గమనించి చెయ్యి వెనక్కి తీసుకుంది.

మా అమ్మాయి బెంగళూరు నుంచి తెచ్చుకున్న చెక్‌లిస్టు వేరే ఉంది. అది ఫోన్లో ఉంటుంది, రోజూ పెరుగుతూ ఉంటుంది. బిడ్డ ఏడుపు పక్క గదిలోకి వినిపించే యంత్రం ఒకటి అందులో ఉంది. నేను దగ్గితే కాలవ అవతలి ఒడ్డునుంచి "మందేసుకున్నారా అండీ" అని అడిగే ఊరు మాది. బల్ల అంచులకి తొడిగే రబ్బరు మూలలు కూడా వచ్చేశాయి. చంటిబిడ్డ బోర్లా పడ్డానికే నాలుగైదు నెలలు పడుతుంది. ప్రస్తుతానికి లబ్ధిదారు నా మోకాలు.

అసలు యుద్ధం ఆవాల దిండు దగ్గర వచ్చింది. ఆవాలు నింపిన చిన్న దిండు మీద పడుకోబెడితే తల గుండ్రంగా కుదురుతుందని అమ్మ. దిండూ వద్దు, మెత్తటి పరుపూ వద్దు, గట్టి పక్కమీద వెల్లకిలా పడుకోబెట్టాలని డాక్టరు.

"మీ నాన్నకి ఆవాల దిండే వేశాను, తల ఎలా ఉందో చూడవే" అంది అమ్మ.

అమ్మాయి నా తలని అటూ ఇటూ తిప్పి చూసి, "అందుకే వద్దంటున్నాను నాన్నమ్మా" అంది.

తేనె నాకించడం, ఉగ్గు పెట్టడం దగ్గర కూడా ఇదే గొడవ. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా అక్కర్లేదు, ఏడాది నిండేదాకా తేనె ముట్టించొద్దు అని డాక్టరు మాట. "మరి మీరంతా ఎలా పెరిగార్రా?" అని అమ్మ మాట. చట్టానికీ మా అమ్మకీ కుదిరిన అంకె ఒక్కటే, 21. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయించాలంటుంది చట్టం, 21వ రోజు బారసాల అంటుంది అమ్మ.

ఇక చుట్టాలు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా ఇంట్లో మొదటిది మా పెద్దక్క వచ్చినప్పుడే ఎగిరింది. పురుళ్ళు పోయడంలో అనుభవం ఉందంటూ ముగ్గురు పిన్నులు సామానుతో దిగినప్పుడు రెండోది దాటింది. భీమవరం వియ్యాలవారు బయల్దేరితే మూడోదే. వాళ్ళ కోసమే ముందుగదికి ఏసీ పెట్టించాం, చెమ్మెక్కిన గోడకి రంగులేయించాం, బాత్‌రూమ్‌లో కొత్త టైల్స్ వేయించాం. ఖర్చు మొత్తం పద్దులో "పురిటి ఏర్పాట్లు" కిందే రాశాను.

మొన్న మా ఊరి ఆశా కార్యకర్త వచ్చింది. తల్లీబిడ్డల కార్డు సంచీలో పెట్టారా, ఉతికిన పాత నూలు గుడ్డలున్నాయా, 108 కాకుండా ఇంకో బండి ఏదైనా మాట్లాడి ఉంచారా అని అడిగింది. వరద పెరిగితే లంకల్లో నెలలు నిండినవాళ్ళని ముందే పడవెక్కించి తెస్తున్నారనీ, మీకు రోడ్డుంది కాబట్టి నొప్పులొచ్చేదాకా ఆగొచ్చనీ చెప్పింది. ఐదు నిమిషాల్లో ముగించేసింది. ఏసీ చూపిస్తే బావుందండి అని, "ఇంతకీ తల్లీబిడ్డా ఏ గదిలో ఉంటారండీ?" అనడిగింది. ఆ విషయం మేమింకా ఆలోచించలేదు. ఉన్న గదులన్నీ నిండాయి.

నిన్న భీమవరం నుంచి పార్శిల్ వచ్చింది. విప్పితే వెండి ఉగ్గుగిన్నె, ముక్కుతో సహా తళతళలాడుతోంది. వెంటనే వియ్యపురాలి ఫోను.

"చట్నీ వేసుకుంటారని పంపానండీ అన్నయ్యగారూ."

చట్నీ గిన్నెకి ముక్కెందుకని నేనడగలేదు. బదులుగా కొక్కేనికున్న గెల నుంచి నాలుగు అత్తాలు కోసి పంపించాం. గెల సగమైంది. ఖాళీ కొక్కెం ఎవరి కంటైనా పడితే బావుండదని, రేపు రావులపాలెం వెళ్ళి ఇంకో గెల తెమ్మంది అమ్మ.