నరాల మాత్ర ఎముకల్ని తినదు, ఈ ఫార్వర్డ్ మాత్రం ప్రాణం మీదకు తెస్తుంది

మళ్లీ అదే మెసేజ్. ఈసారి పంపినవాళ్లలో ఫార్మసీ చదివినవాళ్లు కూడా ఉన్నారు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను. అందులో ఉన్నది ఇదీ: గ్యాబాపెంటిన్, ప్రీగాబాలిన్ అనే నరాల మాత్రలు ఒంట్లో క్యాల్షియాన్ని అడ్డుకుంటాయి కాబట్టి ఎముకలు గుల్లబారతాయి; అవీ, బీపీకి వాడే ఆమ్లోడిపినూ ఒకటే; వాటిని నత్త విషం నుంచి తీస్తారు; జ్ఞాపకశక్తి పోతుంది; అందుకని ఈ రోజే ఆపేసి క్యాల్షియం మాత్రలు వేసుకోండి. చివర్లో ఇంకో మాట: "మొదటి వారం ఇబ్బందిగా ఉంటే భయపడకండి, అది విషం బయటికి పోతున్న లక్షణం."

ముందు ఈ చివరి మాట సంగతే చూడాలి. మిగతావి తప్పులు, ఇది ప్రమాదం.

గ్యాబాపెంటిన్ అమెరికాలో 1993లో ఆమోదం పొందింది మూర్ఛ మందుగా. నొప్పికి వాడకం ఆ తర్వాత వచ్చింది. నెలల తరబడి వేసుకుంటున్న మనిషిలో నాడీకణాలు ఆ మందుకు అలవాటుపడి ఉంటాయి. ఒక్కసారిగా తీసేస్తే అణిగి ఉన్న ఉద్రేకం తిరగబడుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే నిద్ర పట్టదు, చెమటలు పోస్తాయి, వికారం, గాభరా, ఉన్న నొప్పి ఇంకా పెరగడం. మూర్ఛ ఉన్నవాళ్లకు ఫిట్స్ తిరిగి రావచ్చు, ఒకదాని వెంట ఒకటి ఆగకుండా రావచ్చు. అది ప్రాణాపాయం. అంతకుముందు ఎప్పుడూ ఫిట్స్ లేనివాళ్లలో కూడా అరుదుగా వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అందుకే మందుతో పాటు ఇచ్చే సమాచార పత్రంలోనే, ఆపాలంటే కనీసం ఒక వారం పాటు డోసు తగ్గిస్తూ రమ్మని ఉంటుంది. పెద్ద డోసులో చాలాకాలం వాడినవాళ్లకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఇప్పుడు ఆ వాక్యం మళ్లీ చదవండి. ఒక పెద్దావిడ ఈ మెసేజ్ నమ్మి మాత్ర మానేసింది అనుకుందాం. రెండో రాత్రి నిద్ర లేదు, చేతులు వణుకుతున్నాయి. డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిన ఘడియ అది. కానీ "విషం పోతోంది" అని ఈ మెసేజ్ ముందే చెప్పి పెట్టింది కదా, ఆవిడ ఓర్చుకుని కూర్చుంటుంది. ప్రమాద సూచననే నయమవుతున్న గుర్తుగా నమ్మించిన ఈ వాక్యాన్ని రాసినవాళ్లను నేను క్షమించలేను. చదవకుండా పంపినవాళ్ల మీద కూడా నాకు కోపమే.

ఇక ఎముకలు. శరీరంలోని క్యాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. రక్తంలో ఎంత ఉండాలో పారాథైరాయిడ్ హార్మోను, విటమిన్ డి చూసుకుంటాయి. నాడీకణం సంగతి వేరు. కణం లోపలికంటే బయట క్యాల్షియం అయాన్లు దాదాపు పదివేల రెట్లు ఎక్కువ. విద్యుత్ సంకేతం నరం చివరికి చేరగానే అక్కడి చానెళ్లు, అంటే క్యాల్షియం లోపలికి వెళ్లే ద్వారాలు, ఒక మిల్లీసెకను అటూఇటూగా తెరుచుకుంటాయి, కాసిన్ని అయాన్లు లోపలికి దూకుతాయి, రసాయన సంకేతాలు నింపుకున్న తిత్తులు పొరతో కలిసి పగిలి తర్వాతి కణానికి కబురు అందుతుంది. వెంటనే పంపులు ఆ అయాన్లను బయటికి తోసేస్తాయి. ఈ మందు ఆ రాకపోకల్ని కాస్త తగ్గించినంత మాత్రాన వెన్నెముకలోంచి క్యాల్షియం ఎందుకు కరుగుతుంది? ఆ లెక్కన క్యాల్షియం చానెళ్లను అడ్డుకునే ఆమ్లోడిపిన్‌ను ఏళ్ల తరబడి వాడుతున్న కోట్లమందికి ఈపాటికి ఎముకలే మిగలకూడదు.

పైగా గ్యాబాపెంటిన్ ఆ చానెల్ రంధ్రాన్ని మూయదు. చానెల్‌కు ఆనుకుని ఆల్ఫా-2-డెల్టా అనే అనుబంధ ప్రోటీన్ ఒకటి ఉంటుంది, మందు అతుక్కునేది దానికి. నరం దెబ్బతిన్నప్పుడు ఈ ప్రోటీన్ విపరీతంగా పెరిగి మరిన్ని చానెళ్లను నరం చివరికి చేరవేస్తుంది. మందు ఆ చేరవేతను తగ్గిస్తుంది. ఇది ఊహ కాదు. ఎలుకల్లో ఆ ప్రోటీన్‌లోని ఒకే ఒక్క అమైనో ఆమ్లాన్ని, 217వ స్థానంలోని ఆర్జినిన్‌ను, మార్చి చూశారు. మందు అతుక్కోలేకపోయింది, ఆ ఎలుకల్లో ప్రీగాబాలిన్ నొప్పినీ తగ్గించలేకపోయింది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఫెనిటాయిన్, ఫీనోబార్బిటాల్, కార్బమజెపిన్ లాంటి పాత మూర్ఛ మందులు ఏళ్ల తరబడి వాడితే ఎముకలు నిజంగానే బలహీనపడతాయి. కాలేయంలో విటమిన్ డి త్వరగా ఖర్చయ్యేలా చేయడం దానికి ఒక ముఖ్య కారణం. అవి వాడేవాళ్లు విటమిన్ డి పరీక్ష చేయించుకోవడం మంచిది. అలాగని వాళ్లు కూడా మందు మానకూడదు.

ఆమ్లోడిపిన్‌తో పోలిక అయితే బొత్తిగా పేరు చూసి చేసింది. క్యాల్షియం చానెళ్లు ఒక్క రకం కావు. ఆమ్లోడిపిన్ పనిచేసేది ప్రధానంగా రక్తనాళాల గోడల్లోని ఎల్ రకం మీద. కొన్ని సెకన్ల పాటు పరధ్యానంగా ఉండిపోయే పిల్లల మూర్ఛకు ఇచ్చే ఎథోసక్సిమైడ్ పనిచేసేది టి రకం మీద. నరాల చివర్లలో కబురు నడిపించేవి ముఖ్యంగా ఎన్, పి/క్యూ రకాలు. గ్యాబాపెంటిన్ బీపీ మందు కాదు, ఆమ్లోడిపిన్ నరాల నొప్పి మందు కాదు. రెండూ ఒకటే కదా అని ఎవరైనా ఒకటి మానేస్తే నష్టపోయేది వాళ్లే.

నత్త విషమా? అది జికోనొటైడ్. కోనస్ మేగస్ అనే సముద్రపు నత్త విషంలో దొరికిన పెప్టైడ్‌కు, అంటే చిన్న ప్రోటీన్ ముక్కకు, ప్రయోగశాలలో చేసిన నకలు. 2004లో అమెరికాలో ఆమోదించారు. ఎన్ రకం చానెల్‌ను నిజంగా మూసేది అదే. అది మాత్ర కాదు, పంపు ద్వారా వెన్నుద్రవంలోకి ఎక్కించాలి. గ్యాబాపెంటిన్‌కు నత్తతో ఏ సంబంధమూ లేదు.

జ్ఞాపకశక్తి చెరిగిపోదు. మగత, తలతిరుగుడు, ఆలోచన మందగించడం మాత్రం ఉంటాయి, ముఖ్యంగా మొదటి రోజుల్లో. పెద్దవాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది.

ఈ మందుల గురించి భయపడాల్సినవి లేకపోలేదు. ఆ మెసేజ్‌లో అవే లేవు. మార్ఫిన్, ట్రమడాల్ లాంటి వాటితో కలిపి వాడితే ఊపిరి నెమ్మదించి ఆగిపోయే స్థితి రావచ్చు. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు, వృద్ధులకు ఈ ముప్పు ఎక్కువని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో హెచ్చరించింది. ఈ మందులు మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి కాబట్టి కిడ్నీలు బాగా పనిచేయనివాళ్లకు డోసు తగ్గించాలి. ఇంకో సంగతి: నడుము నుంచి కాలిలోకి లాగే సయాటికాకు ప్రీగాబాలిన్ ఉత్తుత్తి మాత్రకంటే ఎక్కువ మేలు చేయలేదని 2017లో వెలువడిన ఒక క్లినికల్ ట్రయల్ తేల్చింది. అయినా ప్రతి నడుము నొప్పికీ రాసేస్తున్న డాక్టర్లు ఉన్నారు. "ఇది నాకు ఎందుకు, ఎన్నాళ్లు, ఎలా ఆపాలి" అని వాళ్లను అడగడానికి మీకు పూర్తి హక్కు ఉంది.

ఈ మెసేజ్ చూసి ఇప్పటికే ఆపేసినవాళ్లు ఉంటే, రాసిచ్చిన డాక్టర్‌కు ఈ రోజే ఫోన్ చేయండి. ఏ మందు, ఎంత డోసు, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి. మానేసిన డోసంతా కలిపి ఒకేసారి మింగకండి. గతంలో ఫిట్స్ వచ్చి ఉంటే ఇంట్లో ఒంటరిగా ఉండకండి, బండి నడపకండి. ఫిట్ వచ్చి ఐదు నిమిషాల్లో ఆగకపోతే ఆలస్యం చేయకుండా అంబులెన్స్ పిలవమని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి.