ఆ చించిల్లా మెసేజ్ ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క నిమిషం

బాధలో ఉన్నవాళ్ళకి సాయం చేద్దామనే ఎవరో రాసి ఉంటారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఈ నెలలో ఆ మెసేజ్ నాకు నాలుగు గ్రూపుల్లోంచి వచ్చింది, నాలుగోసారి పంపింది స్వయానా మా ఆడపడుచు, అందుకే ఇక ఊరుకోలేక రాస్తున్నా. చించిల్లా అంటే ఒత్తైన మెత్తటి బొచ్చుండే, ఎలుక జాతికి చెందిన చిన్న పెంపుడు జంతువు. మెసేజ్ చూడనివాళ్ళ కోసం అందులో ఉన్నది ఇదీ: పెంచుకున్న జంతువు పోయిందా, ఇల్లు బోసిపోనివ్వకండి, వారం తిరక్కుండా చించిల్లా పిల్లని తెచ్చుకోండి, పాతదాని బోనులోనే పెట్టండి, పాలూ కిస్‌మిస్‌లూ బాదంపప్పులూ పెట్టండి, రోజంతా ఒళ్ళో ఉంచుకోండి, వారానికోసారి బేబీ షాంపూతో స్నానం చేయించండి, ఫ్యాను ఉంటే ఏ ఊళ్ళోనైనా బతుకుతుంది, ఇంట్లో ఇంకో చించిల్లా ఉంటే దాని పక్కన వదిలేయండి తల్లిలా చూసుకుంటుంది, పాత పేరే పెట్టండి, పోయింది తిరిగొచ్చినట్టే ఉంటుంది. కింద ఒక బొమ్మ, దూది ఉండలాంటి పిల్ల రెండు చేతులతో కిస్‌మిస్ పట్టుకుని.

మేం ఉండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్‌లో. తొమ్మిదేళ్ళు మాతో ఉన్న మా చించిల్లా చిట్టి పోయిన నవంబర్‌లో చనిపోయింది. దానికి జతగా తెచ్చిన గుండు ఇంకా ఉంది. మార్చిలో ఒక రెస్క్యూ (దిక్కులేని జంతువుల్ని చేరదీసే చోటు) నుంచి తొమ్మిది వారాల చించిల్లా పిల్లని దత్తత తెచ్చుకున్నాం. కాబట్టి ఆ మెసేజ్ సరిగ్గా నాలాంటిదాన్ని చూసే రాసినట్టుంది.

కిస్‌మిస్ నుంచి మొదలుపెడతా, ఎందుకంటే అక్కడ తప్పు చేసింది నేనే. చించిల్లా పళ్ళు బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, ముందువే కాదు, దవడ పళ్ళు కూడా. అవి అరగాలంటే గంటలకొద్దీ ఎండుగడ్డి నమలాలి. చిలీ వైపు ఆండీస్ కొండల్లో రాళ్ళ మధ్య మొలిచే గట్టి గడ్డీ గాదం తిని బతికిన జాతి ఇది, దాని పేగులు ఆ పీచుకే అలవాటుపడి ఉన్నాయి. తీపీ కొవ్వూ ఎక్కువైతే గ్యాస్ పట్టి పేగుల కదలిక ఆగిపోతుంది, పైగా పాపం వాంతి కూడా చేసుకోలేదు. మొదటి మూడేళ్ళు చిట్టికి మేం రోజూ కిస్‌మిస్ పెట్టాం, ముద్దుగా పట్టుకుని తింటుందని. తీపి దొరుకుతుందని తెలిశాక గడ్డి ఎవరు ముడతారు? ఎనిమిదో ఏట ఒకరోజు దాని గడ్డం కింద బొచ్చు తడిసి అతుక్కుపోయి కనిపించింది. నీళ్ళ సీసా కారుతోందనుకుని సీసా మార్చాను. రెండు రోజులకి మళ్ళీ తడే. అది చొంగ అని తెలిసేసరికి, ఎక్స్‌రేలో దవడ పళ్ళ వేళ్ళు ఎముకలోకి దిగిపోయి ఉన్నాయి. ఇది వంశంలో ఉన్నా వస్తుందని డాక్టర్ చెప్పింది, మీ కిస్‌మిస్సే కారణం అని అనలేదు. నాకు మాత్రం అలమరలో ఆ డబ్బా కనిపిస్తే ఇప్పటికీ ఎలాగో ఉంటుంది.

పాల సంగతి. వీడియో కాల్‌లో ఖమ్మం నుంచి మా అమ్మ కూడా ఇదే అంది, "పసిది కదే, ఇన్ని పాలు పొయ్యి" అని. అమ్మా, ఇది మనమనుకునే పసిది కాదు. తల్లి కడుపులో 111 రోజులు ఉండి ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్ళతో, పళ్ళతో పుడుతుంది. ఎనిమిది వారాలకి పాలు మానేస్తుంది. తల్లి లేని మరీ చిన్న కూనకైతే డాక్టర్ చెప్పిన పాలు, చెప్పిన కొలతలో పట్టాలి, అది వేరే కథ. పాలు మానిన పిల్లకి టిమోతి అనే రకం ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, ఎదిగే వయసు కాబట్టి కాస్త అల్ఫాల్ఫా అనే ఇంకో రకం ఎండుగడ్డి కలిపినా మంచిదే, రోజుకి ఒకటి రెండు చెంచాల పెల్లెట్లు (గడ్డిపొడితో చేసిన గుళికల మేత), మంచినీళ్ళు. రెస్క్యూలో ఏ పెల్లెట్లు తినేదో అవే అడిగి తెచ్చుకోండి, మార్చాలనుకుంటే వారం పది రోజులు రెండూ కలుపుతూ మార్చండి. కొత్త ఇల్లు, కొత్త తిండి రెండూ ఒకేరోజు మీద పడితే దాని కడుపు తట్టుకోదు.

"రోజంతా ఒళ్ళో ఉంచుకోండి" అట. పగలంతా నిద్రపోయే జీవి ఇది, దానికి తెల్లారేది మనకి పొద్దు గూకాకే. మనం ఏడుస్తూ గట్టిగా హత్తుకుంటే దాని సన్నటి పక్కటెముకలకి ప్రమాదం. భయపడిందంటే పట్టుకున్న చోట బొచ్చు కుచ్చుకుచ్చుగా ఊడి మన చేతిలో మిగులుతుంది, అడవిలో నక్క నోట్లోంచి తప్పించుకునే పద్ధతే అది. మళ్ళీ పూర్తిగా రావడానికి నెలలు పడుతుంది. మా పిల్ల మొదటి నాలుగు రోజులు బోనులో చెక్క గూటి వెనకే ఉంది. రోజూ రాత్రి తొమ్మిదింటికి బోను తలుపు తీసి, అరచెయ్యి లోపల పెట్టి, ఫోన్ కూడా చూడకుండా కూర్చునేదాన్ని. ఐదో రోజు వచ్చి నా బొటనవేలి గోరు కొరికి చూసి వెళ్ళిపోయింది. ఏడో రోజు చేతిలోకి ఎక్కింది. ఎత్తుకున్నప్పుడు కింద నుంచి అరచేత్తో ఆసరా ఇస్తే చాలు.

షాంపూ గురించి ఎక్కువ రాయను. ఒక్కో కుదురు నుంచి యాభైకి పైగా వెంట్రుకలు వచ్చే ఒళ్ళు, తడిస్తే లోపల ఆరదు, చలి పడుతుంది, బూజు పడుతుంది. దీనికి స్నానమంటే దుమ్ములో పొర్లడమే: చించిల్లాల కోసం అమ్మే మెత్తటి అగ్నిపర్వతపు దుమ్ము గిన్నెలో పోసి వారానికి రెండు మూడుసార్లు పది నిమిషాలు పెట్టి తీసేయాలి. బేబీ పౌడర్ అసలు వద్దు. ఈ బొచ్చు కోసమే అడవిలో దీన్ని దాదాపు తుడిచిపెట్టేశారు. 1923లో చాప్‌మన్ అనే గనుల ఇంజినీరు చిలీ నుంచి కాలిఫోర్నియాకి 11 చించిల్లాలు తెచ్చాడు, ఇవాళ అమెరికా ఇళ్ళలో ఉన్నవి చాలామటుకు వాటి సంతతే.

అదే బొచ్చు వేడిలో దీని ప్రాణం తీస్తుంది. చెమట పట్టదు, కాబట్టి ఫ్యాను గాలి వల్ల ఒరిగేదేం లేదు. 25 డిగ్రీల సెల్సియస్ దాటితే జాగ్రత్తపడాలి. ఇక్కడ పెంచేవాళ్ళు ఒక లెక్క చెప్తారు, ఫారెన్‌హీట్ డిగ్రీలూ గాలిలో తేమ శాతమూ కలిపి 150 దాటకూడదని. మా గదిలో 68, 45 కలిపి 113. ఖమ్మంలో మే నెలలో పొద్దున ఎనిమిదింటికే ఎంతవుతుందో మీరే కూడుకోండి. రాత్రింబవళ్ళు ఏసీ, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద కూడా నడిచే ఏసీ, ఈ ఏర్పాటు లేకుండా మన ఊళ్ళలో దీన్ని పెంచాలనుకోవడం పొరపాటు.

పాతదాని బోను వాడొచ్చా అంటే వాడొచ్చు, కానీ యథాతథంగా కాదు. చిట్టి ఎందుకు పోయిందో మాకు తెలుసు, చాలామందికి తెలీదు. తెలియనప్పుడు చెక్క పలకలూ గూళ్ళూ పారేయాల్సిందే, చెక్కలోకి దిగినవి కడిగితే పోవు. ఇనుప చువ్వలు బాగా కడిగి ఎండబెట్టాలి. ఇంకోటి, పెద్దదానికి సరిపోయిన చువ్వల సందులోంచి పిల్ల దూరిపోతుంది, సందు అర అంగుళం మించకూడదు. పై అరలు కూడా తీసేశాను, ఐదడుగుల బోనులో పైనుంచి పడితే కాలు విరుగుతుంది.

ఇక గుండు. ఆ మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైనది "పక్కన వదిలేయండి" అన్న మాట. చిట్టి పోయిన మర్నాడు గుండు గడ్డి ముట్టలేదు. పూట గడిచినా చించిల్లా తినకపోతే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి, మేం పరిగెత్తాం, వారం రోజులు సిరంజితో తినిపించాం. అంతలా దిగులుపడింది కదా, పిల్లని చూస్తే సంతోషిస్తుందని మేమూ అనుకున్నాం. దూరం నుంచి మొదటిసారి చూపించినప్పుడు రెండు కాళ్ళ మీద లేచి, పళ్ళు టకటకలాడించి, సూటిగా ఉచ్చ పోసింది. కోపం వచ్చిన ఆడ చించిల్లా చేసే పని అది, పెద్దది కరిస్తే పిల్ల బతకదు. అందుకే ముందు వేరే గదిలో ఉంచి, పిల్లకి తామర లాంటివి లేవని డాక్టర్ చూశాక బోన్లు దగ్గరికి తెచ్చాం, మధ్యలో నాలుగంగుళాలు వదిలి, లేకపోతే చువ్వల్లోంచి వేళ్ళు కొరుకుతాయి. ఒకదాని వాసన ఇంకోదానికి అలవాటవ్వాలని రెండు బోన్ల గడ్డీ గుడ్డలూ అటూ ఇటూ మారుస్తున్నాం. నెలన్నర అయింది, ఇప్పుడు గుండు పళ్ళు ఆడించట్లేదు, అంతే, ఇంకా కలపలేదు. ఆడో మగో కూడా తెలిసినవాళ్ళతో చూపించుకోండి, ఆడవాటికీ పైకి మగదానిలాంటి గుర్తే ఉంటుంది, చాలామంది పొరబడతారు. మగ పిల్లలు కొన్ని ఎనిమిది వారాలకే జతకట్టడానికి తయారు, తర్వాత ఇంట్లో ఎన్ని పుడతాయో చెప్పలేం.

"వారం తిరక్కుండా" అన్నదాని మీద నాకు తీర్పేం లేదు, కొందరు వారంలోనే తెచ్చుకుని బాగా చూసుకుంటారు. నాకు నాలుగు నెలలు పట్టింది. కానీ ఇది పదిహేనేళ్ళు, ఒక్కోసారి 20 ఏళ్ళు బతుకుతుంది. వీసా మీద ఉన్నవాళ్ళం, ఇండియా వెళ్ళిపోతే దీన్నేం చేస్తామని మా ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు, ఆ జవాబు వెతకడానికే రెండు నెలలు పట్టింది. చించిల్లాలు చూసే డాక్టర్‌ని కూడా తెచ్చుకోకముందే వెతికి పెట్టుకోవాలి. కుక్కలకి మామూలుగా ఇచ్చే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ నోటి ద్వారా ఇస్తే దీని పేగుల్లో మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

పేరు బూడిద అని పెట్టాం. మా అమ్మకి నచ్చలేదు, అశుభమట. నిన్న రాత్రి వంటింటి తూకం మీద 341 గ్రాములు, వచ్చినరోజు 218. మెసేజ్ పంపాలనే ఉంటే కనీసం ఆ కిస్‌మిస్, పాలు, షాంపూ, ఫ్యాను లైన్లు కొట్టేసి పంపండి.